తీసేసిన వాల్వు

డిసెంబరు చివరి వారం, తెల్లవారుజాము నాలుగున్నర. లంబసింగి ఘాట్ ఎక్కుతున్న కారులో ముగ్గురం ఆడవాళ్ళం. నడుపుతున్నది నేను. పక్కన కూచున్న స్నేహితురాలు చున్నీ పట్టుకుని ముందు అద్దాన్ని లోపలివైపు నుంచి తుడుస్తూనే ఉంది. తుడిచిన మేర ఒక నిమిషం దారి కనిపిస్తుంది. అంతలో మా ముగ్గురి ఊపిరీ వెళ్ళి మళ్ళీ అద్దానికి పట్టేస్తుంది. హీటర్ మీటను ఎర్రగీత చివరిదాకా తిప్పేశాను. వచ్చేది చల్లగాలే. చివరికి పక్క కిటికీ దించి, తల కాస్త బయటపెట్టి, రోడ్డు అంచు చూసుకుంటూ ఒక్కో మలుపూ తిప్పాను. ఎదురుగా ఒక లారీ హెడ్‌లైట్లు వెలిగాయి. అప్పుడు మాలో ఎవ్వరమూ మాట్లాడలేదు.

డాష్‌బోర్డు మీద ఇంజను వేడిని చూపించే ముల్లు ఒకటుంటుంది. ఆ రాత్రంతా అది అట్టడుగున పడుకుని ఉంది. నర్సీపట్నం దాటి అంతసేపయింది, ఘాట్ ఎక్కుతున్నాం, అయినా ఇంజను వేడెక్కకపోవడం ఏమిటన్న అనుమానం నాకు రాలేదు. పైగా మంచిదే అనుకున్నాను. విశాఖలో పుట్టి పెరిగినవాళ్ళకి కారు గురించి ఉండే భయం ఒక్కటే, హీటెక్కుతుందని. చల్లగా ఉండటం కూడా జబ్బు కావచ్చని మాకెవరూ చెప్పలేదు.

నా పిహెచ్‌డి తెలుగు కథలో వంటిల్లు మీద. పొయ్యి, పొగ, కాలిన చేతులు, ఆ వేడిని మోసిన ఆడవాళ్ళు. వాటి గురించి ఒక అధ్యాయం నిండా రాశాను. అలాంటిదాన్ని, నా కాళ్ళకి అడుగు దూరంలో ఉన్న ఇంకో పొయ్యి సంగతి ఏమీ తెలుసుకోకుండా పదేళ్ళు బండి నడిపాను. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సిగ్గే.

లంబసింగిని స్థానికులు కొర్రబయలు అంటారు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరుకి అర్థం చెప్తారు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. శీతకాలంలో చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం చెప్పే అంకె ఒంటి సంఖ్యలోకి దిగిందంటే చాలు, మర్నాడు పేపర్లో ఆంధ్రా కశ్మీర్ అని వస్తుంది, ఆ శనివారం రాత్రి మైదానం నుంచి కార్లు బారులు తీరతాయి. చెరువులవేనం దగ్గర మేఘాలు కిందుగా పరుచుకుంటే చూడటానికి. మేమూ ఆ బారులో వాళ్ళమే.

పైకి చేరాక టీ బడ్డీ దగ్గర నెగడు వేసి ఉంది. బడ్డీ నడిపే ఆవిడ మా ముగ్గుర్నీ చూసి, కారులోకి తొంగి చూసి, "మగోళ్ళు నేరా? ఎవులు నడిపినారు?" అంది. నేనన్నాను. "అద్దం నేకుండా నడిపినట్టుంది నీ తలకాయ్" అంది నా తడి జుట్టు చూసి. ముందు చలి కాచుకోమంది. తర్వాత గ్లాసులు కడుగుతూ, ఎవరితోనో అన్నట్టుగా, "ఈ దారి మావోళ్ళ సేత ఏయించినారు తెల్లోళ్ళు. కూలి కూడా సరీగా ఇవ్వనేదంట. మా ముసిల్ది సెప్పేది" అంది.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే అది పుస్తకాల్లో ఉన్న మాటే. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించినవాడు గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్. ఏజెన్సీ గిరిజనుల్ని ఆ పనికి బలవంతంగా తోలి, చాలీచాలని కూలి విదిల్చాడు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టం పోడునూ, అడవిలో తిరగడాన్నీ కట్టడి చేసింది. పదవి పోయిన గాం గంటందొరకీ బాస్టియన్‌కీ తగువుంది. వీటన్నిటి మీదా 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగింది. మన్యం తిరుగుబాటు కారణాల్లో ఈ రోడ్డు ఒకటి. సీతారామరాజు బొమ్మ మా బడి గోడ మీద ఉండేది. రోడ్డు మాట మాత్రం పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకి పనికొచ్చే ముక్కగా చదివాం. రాయి కొట్టినవాళ్ళ మనవరాలి చేతి టీ తాగుతూ దాన్ని వినడం వేరు.

తిరుగు ప్రయాణం ఎండెక్కాకే మొదలుపెట్టాం. ఇల్లు చేరగానే నాన్నకి చెప్పాను.

మా నాన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడి ఫర్నేస్‌లకు పేర్లుంటాయి. మొదటిది గోదావరి, రెండోది కృష్ణ, 2012లో వచ్చిన మూడోది అన్నపూర్ణ. పదిహేను వందల డిగ్రీల ఇనుము కడుపులో పెట్టుకున్న వాటికి రెండు నదుల పేర్లూ, అన్నంపెట్టే తల్లి పేరూ పెట్టారు. వాటి ముందు నిలబడి పనిచేసే ఆడవాళ్ళని మాత్రం నా చిన్నప్పుడు నేను చూడలేదు. ఈ మాట నాన్నతో అంటే, "పేర్లు పెట్టింది మేం కాదు కదే" అంటాడు.

ఫర్నేస్ లోపల ఏం జరుగుతోందో తల పెట్టి చూడలేరు. గోడల్లో నీళ్ళు తిరుగుతుంటాయి. లోపలికి వెళ్ళేటప్పుడు ఆ నీళ్ళ వేడెంత, బయటికి వచ్చేటప్పుడు ఎంత, ఆ తేడాని బట్టి లోపల ఏ గోడ అరుగుతోందో, ఎక్కడ మంట దగ్గరికొచ్చిందో చెప్తారు. నాన్న నాకు కారుకీ అదే లెక్క చెప్పాడు. బానెట్ ఎత్తించాడు. "చదువుకున్నదానివి, చెయ్యి పెట్టి చూడు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న చల్లబడి ఉన్న ఇంజను స్టార్ట్ చేసి రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి ఉంచాను. బాగున్న బండిలో ఆ గొట్టం మొదటి కొన్ని నిమిషాలు చల్లగానే ఉండాలి. ఇంజను తనకి కావలసినంత వేడెక్కాక లోపలి వాల్వు తెరుచుకుంటుంది, అప్పుడు ఒక్కసారిగా వేడి నీళ్ళు గొట్టంలోకి వస్తాయి. నా బండిలో అలా జరగలేదు. మొదటి నిమిషం నుంచే గొట్టం కొంచెం కొంచెంగా గోరువెచ్చనవుతూ వచ్చింది. అంటే నీళ్ళకి అడ్డమే లేదు. తర్వాత కేబిన్‌లోకి వెళ్ళే రెండు సన్నటి గొట్టాలు. హీటర్ అంటే డాష్‌బోర్డు వెనకాల దాగిన ఇంకో బుల్లి రేడియేటర్, అంతే. ఇంజను వేడినీళ్ళు ఒక గొట్టంలో దానిలోకి వెళ్తాయి, రెండోదాన్లో వెనక్కొస్తాయి, మధ్యలో ఫ్యాను గాలి వాటి వేడిని మోసుకొస్తుంది. రెండు గొట్టాలూ కాలిపోతూ ఉండి గాలి మాత్రం చల్లగా వస్తే నీళ్ళ తప్పు లేదు, గాలి దారి మార్చే రేకో, దాని తీగో కదలట్లేదు. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే లోపల పూడుకుపోయిందనో, హీటర్ కుళాయి మూసుకుపోయిందనో అర్థం. రెండూ గోరువెచ్చగా ఉంటే తప్పు హీటర్‌ది కాదు, ఇంజనుకే వేడి చాలట్లేదు. నావి గోరువెచ్చన.

ఇంకొకటి కూడా చూడమన్నాడు, అది అన్నిటికంటే ప్రమాదమట. ముల్లు పైకి పోతూ ఉండగా హీటర్ చల్లగాలి ఊదితే, నీళ్ళు తగ్గిపోయి హీటర్‌లో గాలి చేరిందన్నమాట. అప్పుడు బండి వెంటనే ఆపెయ్యాలి. ఆపాక మాత్రం మూత జోలికి పోకూడదు. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది. వెయ్యి మీటర్ల ఎత్తున మామూలు గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత బిగించి ఒత్తిడి పెంచడం వల్లే ఇంజనులో నీళ్ళు వంద దాటినా మరగవు. వేడి మీద తెరిస్తే ఆవిరి మొహాన కొడుతుంది. కుక్కర్ మూత చల్లారకుండా తియ్యకూడదని ఏడేళ్ళప్పుడే నేర్చుకున్న నాకు, ఇది తెలియడానికి ముప్ఫై ఆరేళ్ళు పట్టింది.

"ఆ వాల్వు ఉందా అసలు?" అన్నాడు నాన్న. అప్పుడు గుర్తొచ్చింది.

మే నెలలో గాజువాక జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ముల్లు ఎర్రగీత దాకా పోయింది. ఇంటి దగ్గరున్న షెడ్డుకి తీసికెళ్ళాను. మెకానిక్ నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "సారు రాలేదా మేడమ్?" సారు లేరని చెప్పాను. నాకు చెప్పాల్సింది ఏమీ లేదన్నట్టు బండి కింద దూరాడు. సాయంత్రానికి పని అయిపోయింది. "వాల్వు తీసీసేను మేడమ్. ఇంక హీటెక్కదు" అని, అరచేతిలో పట్టేంత ఇత్తడి ముక్క ఒకటి పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఎందుకు తీశాడని నేను అడగలేదు. అడిగితే తెలివితక్కువగా ఉంటుందేమోనని. ఆడవాళ్ళం షెడ్డులో ఒక రకం మౌనం పాటిస్తాం. ఆసుపత్రిలోనూ పాటిస్తాం. ఆ పేపరు పొట్లం వంటింటి సొరుగులో, పాత కుక్కర్ గాస్కెట్ల పక్కన చేరింది.

దాన్ని థర్మోస్టాట్ అంటారు. 1914లో అమెరికాలో కాడిలాక్ తన ఎనిమిది సిలిండర్ల కారులో చల్లదనాన్ని అదుపుచేసే ఇలాంటి ఏర్పాటు పెట్టింది. ఇప్పుడు మన కార్లలో ఉండే రకానికి మూలం 1930లలో సెర్జియస్ వెర్నే చేసిన పని. చిన్న గుళికలో మైనం ఉంటుంది. ఎనభై, తొంభై డిగ్రీల మధ్య అది కరిగి ఉబ్బుతుంది, ఉబ్బి ఒక పుల్లని నెడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. చల్లబడితే గడ్డకట్టి మూసుకుంటుంది. కరెంటు లేదు, తీగ లేదు. మైనం తెలివి.

ఆ తలుపు తీసేస్తే నీళ్ళు ఎప్పుడూ రేడియేటర్‌లోనే తిరుగుతుంటాయి, ఇంజను ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు. వేడెక్కని ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో చెమ్మ ఆవిరవక జిడ్డు పేరుకుంటుంది, అరుగుదల పెరుగుతుంది. విశాఖలో ఇది ఎవరికీ కనపడదు. ఏడాదంతా ఉక్కపోసే ఊళ్ళో హీటర్ వేసేదెవరు? అంబాసిడర్లు ఘాట్ల మీద ఆవిరి కక్కుతుంటే సీట్ల కింద నీళ్ళ డబ్బాలు పెట్టుకు తిరిగిన కాలం నుంచీ వచ్చిన చిట్కా ఇది. కూలెంట్ బదులు కుళాయి నీళ్ళు పోసెయ్యడం కూడా అలాంటిదే. మనకేం మంచు పడుతుందా అని. కూలెంట్ పని గడ్డకట్టకుండా చూడటం ఒక్కటే కాదు, తుప్పు పట్టకుండా కాపాడటం కూడా అనేది ఉప్పుగాలి ఊరికి తెలియవలసిన సంగతి.

ఆ మెకానిక్‌ని తిట్టుకోవడం నాకు తేలికే. కానీ అతను మోసం చెయ్యలేదు. తీసిన వస్తువుని పొట్లం కట్టి మరీ ఇచ్చాడు. అతని దగ్గరికి చలి అనే ఫిర్యాదుతో ఎవరూ వచ్చి ఉండరు. తీరానికి అక్కర్లేనిది ఎవరికీ అక్కర్లేదనుకున్నాడు. ఆ లెక్కలో కొండ లేదు. ఇలాంటి లెక్కలు చదువుకున్నవాళ్ళూ వేస్తారు. ఆఫీసుల్లో ఏసీ ఎంత ఉండాలో నిర్ణయించే సూత్రం 1960ల నాటిది, దాంట్లో ప్రమాణంగా తీసుకున్న శరీరం నలభై ఏళ్ళ, డెబ్భై కిలోల మగవాడిదని 2015లో కింగ్మా, వాన్ మార్కెన్ లిఖ్టెన్‌బెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో చూపించారు. మా యూనివర్సిటీ సెమినార్ హాల్లో కొంగులు కప్పుకుని కూచునే మనందరికీ అది పరిశోధన లేకుండానే తెలుసు.

ఇంతకీ ఈ వేడి శాస్త్రం మగవాళ్ళదేనా? చదువుతూ పోతే నాకు దొరికినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ కనిపించారు, అదీ మొదటి మలుపు నుంచే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది, వంద కిలోమీటర్ల పైచిలుకు. భర్త కార్ల్‌కి చెప్పలేదు. ఆ మోటారు తయారవడానికి పెట్టుబడిలో ఆమె కట్నం డబ్బు ఉంది. ఆ బండి నీళ్ళని ఆవిరి చేసి పారేస్తూ చల్లబడేది కాబట్టి దారి పొడుగునా నీళ్ళు దొరికినచోటల్లా ఆగి పోసుకోవాలి. ఇంధనం వీస్‌లోఖ్‌లో మందుల షాపులో కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. తీగ రాపిడికి మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకుకి చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఈ కథని ఎప్పుడూ భార్య ధైర్యంగా చెప్తారు. నాకది ధైర్యం కంటే రోగ నిర్ధారణగా కనిపిస్తుంది. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఆమె కనిపెట్టింది.

హీటర్ చరిత్రలో షికాగోకి చెందిన మార్గరెట్ విల్‌కాక్స్ పేరు వస్తుంది. 1893 నవంబరు 28న ఆమెకి కారు హీటర్ మీద పేటెంటు వచ్చింది. మహిళా దినోత్సవం పోస్టర్లలో ఆమెని మోటారు కారు హీటర్ కనిపెట్టిన తల్లిగా వేస్తున్నారు. మనవాళ్ళు కూడా దీన్ని తిరగరాస్తున్నారు కాబట్టి చెప్తున్నాను, అప్పటి ఇంగ్లీషులో కారంటే రైలుపెట్టె. ఆమె వెచ్చబెట్టాలనుకున్నది రైలు ప్రయాణికుల్ని. దురియే సోదరులు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తమ మోటారు బండిని రోడ్డెక్కించిందే ఆ ఏడాది సెప్టెంబరులో. లేని గొప్ప అంటగట్టడం వల్ల ఉన్న గొప్ప కనపడకుండా పోతుంది.

మేరీ అండర్సన్ కథలో అలాంటి మరమ్మతు అక్కర్లేదు. అలబామా నుంచి న్యూయార్క్ వెళ్ళిన ఆమె చలికాలంలో ట్రాము ఎక్కింది. మంచు పడి అద్దం కనపడక, డ్రైవరు అద్దం తెరుచుకుని చలిగాలికి మొహం పెట్టి నడుపుతున్నాడు. 1903 నవంబరు 10న లోపలినుంచి మీటతో తిప్పే వైపర్‌కి ఆమెకి పేటెంటు వచ్చింది. 1905లో ఒక కెనడా కంపెనీకి రాస్తే వ్యాపారానికి పనికొచ్చేంత విలువ లేదన్నారు. పేటెంటు గడువు తీరింది, ఆమెకి డబ్బు రాలేదు. 1922లో కాడిలాక్ తన కార్లన్నిటికీ వైపర్లు బిగించడం మొదలుపెట్టింది. ఘాట్ మీద కిటికీలోంచి తల బయటపెట్టిన నాకు ఆ ట్రాము డ్రైవరు బంధువులా అనిపించాడు.

కారులో వెచ్చదనాన్ని చాలాకాలం సుఖం పద్దులో రాశారు, సుఖాన్ని ఆడవాళ్ళ పద్దులో. వర్జీనియా షార్ఫ్ 1991లో రాసిన టేకింగ్ ద వీల్ పుస్తకంలో దీని మీద మంచి చర్చ ఉంది. హ్యాండిల్ తిప్పనక్కర్లేని ఎలక్ట్రిక్ స్టార్టర్, మూసి ఉన్న కేబిన్, మెత్తటి సీట్లు, అన్నీ ఆడవాళ్ళ కోసమేనన్నారు, వాడుకున్నది అందరూ. 1919లో అమెరికాలో అమ్మిన కార్లలో మూసి ఉన్నవి పదోవంతు, 1927 నాటికి 85 శాతం. అంతమంది మగవాళ్ళు భార్యల మాట విన్నారని నమ్మడం కష్టం. 1938లో నాష్ కంపెనీ బయటి గాలిని ఇంజను వేడినీళ్ళ మీదుగా లోపలికి పంపే పద్ధతి తెచ్చింది. ఇప్పటి హీటర్లది అదే దారి. దాని పని కాళ్ళు వెచ్చబెట్టడంతో అయిపోదు. వెచ్చటి పొడిగాలి అద్దం మీది చెమ్మని ఆరబెడుతుంది, దారి కనిపిస్తుంది. ఆ రాత్రి మాకు లేనిది సుఖం కాదు, చూపు. (ఏసీ కూడా వేసి ఉంటే గాలిలో చెమ్మ కొంత తగ్గేదని తర్వాత తెలిసింది. చలిలో ఏసీ వెయ్యాలని తోచేదెవరికి?)

మే నెల జబ్బు అసలు వేరే. ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కి, హైవే మీద పరిగెత్తితే తగ్గే బండికి లోపం వాల్వులో వెతకకూడదు, రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి. నాది తిరగట్లేదు. రిలే పోయింది. చిన్న డబ్బీ. ఏడు నెలలుగా ఎవరూ దాన్ని చూడలేదు, నాతో సహా.

వాల్వు తిరిగి పెట్టించే ముందు అది పనిచేస్తోందో లేదో ఇంట్లోనే చూడొచ్చన్నాడు నాన్న. సొరుగులోంచి పొట్లం తీశాను. ఇత్తడి మీద 82 అని చెక్కి ఉంది. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు స్నేహితురాలి దగ్గర థర్మామీటరు అడిగి తెచ్చాను. వాల్వు నోట్లో దారం ఇరికించి, గిన్నెడు నీళ్ళలో అడుగుకి తగలకుండా వేలాడదీసి స్టవ్ వెలిగించాం. తెరుచుకున్న క్షణాన అది దారం నుంచి జారి పడాలి. అరవై. డెబ్భై. నాన్న కళ్ళజోడు తుడుచుకుని థర్మామీటరు మీదికి వంగాడు. నేను దారం పట్టుకున్నాను. డెబ్భై ఎనిమిది.

అమ్మ బియ్యం ఏరుతూ అక్కణ్ణుంచే గిన్నె అంచున పాకుతున్న చిన్న బుడగల్ని చూసింది. "ఇంకా కాగలేదు" అంది. కాసేపాగి, తలెత్తకుండా, "ఇప్పుడు చూడండి" అంది.

ఇత్తడి ముక్క గిన్నెలో ఠంగుమని పడింది. ముల్లు 83 దగ్గర ఉందని నాన్న చదివాడు, తర్వాత అది ముల్లు కాదు పాదరసం అని నేను సరిదిద్దాను.

"ఆ గిన్నె ఇంక పాలకి పనికిరాదు, మీరే ఉంచుకోండి" అంది అమ్మ.